బిజ్జల నామ విచారము

మన పెద్దలు బిడ్డకు నామకరణము చేయునపుడు ముఖ్యముగా మూడు సంగతులు చూచెడివారు. ఇలవేల్పు ఎవరు, తాతముత్తాతల పేరులెవ్వి, జన్మనక్షత్రమేది అనునవి ఆ మూడు. పేరునకు అర్థము మంచిదా కాదా అని యోచించుట నాలుగవది. ఆ పేరుతో పూర్వము బ్రతికినవాని నడవడి ఎట్టిదని యోచించుట ఐదవది. ఈ ఐదింటిలో చివరిదే అన్నిటికంటె బలవత్తరమైనదని నా అనుభవము.

రామాయణములోని విభీషణుని చూడుడు. ఆ మాటకు మిక్కిలి భయము గొల్పువాడని అర్థము. అయినను ఆయన ధర్మాత్ముడు, శరణాగతుడు. భారతములోని శకుని పేరునకు పక్షి అని మాత్రమే అర్థము. ఆ అర్థములో దోషమేమియు లేదు. అయినను ఏ తల్లియు తన బిడ్డను శకునీ అని పిలువదు. దుర్యోధనుడనగా యుద్ధములో ఎదుర్కొనుటకు కష్టమైనవాడు. క్షత్రియునకు అంతకంటె మంచి పేరేమున్నది? అయినను ఆ పేరును లోకము వదలివేసినది. కావున పేరునకు నిఘంటువు చెప్పు అర్థము వేరు, లోకము చెప్పు అర్థము వేరు అని తేలుచున్నది. అట్లు లోకము వదలివేసిన పేరులలో మా ప్రాంతమునకు సంబంధించినది ఒకటి కలదు. అది బిజ్జలుడు అను పేరు. దానిని గూర్చి నాకు తెలిసినంత పాఠక మహాశయులకు మనవి చేయదలచితిని. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషన్ వరకు చదివి గుమాస్తాగా జీవితము గడిపినవాడను. అయినను ఈ విషయమున నేను వ్రాయవలసిన కారణమొకటి ఉన్నది. దానిని ముందుగా చెప్పెదను.

మా భాల్కి బీదరు జిల్లాలో నాలుగు భాషలు కలిసిన చోటు. ఇంటిలో తెలుగు మాటలాడువారు వీధిలో కన్నడము, సంతలో మరాఠీ మాటలాడుదురు. పాత దస్త్రములు ఉర్దూలో నుండును. 1948 వరకు నిజాము రాజ్యములోను, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోను ఉండి, ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరిన జిల్లా ఇది. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. భాల్కికి నైరృతి దిక్కున, ఒక పూటలో పోయి రాదగిన దూరమున బసవకల్యాణము కలదు. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు భండారిగా నున్న కల్యాణ నగరము అదియే. అక్కడ ఈనాడు యాత్రికులు దర్శించు అనుభవమంటపము మా భాల్కి హిరేమఠాధిపతులైన చెన్నబసవ పట్టద్దేవరు వారి కృషి వలన వెలసినది. నిజాము పాలనలో బయట ఉర్దూ బల్ల కట్టి లోపల పిల్లలకు కన్నడము చెప్పించిన మహనీయులు వారు.

ఇట్టి ఊరిలో పేరులెట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. నేను పట్టికలలో వ్రాసిన పేరులలో బసవరాజు, చెన్నబసప్ప, సంగమేశ్వరుడు, అల్లమప్రభు, సిద్ధరామప్ప, మడివాళప్ప, శరణప్ప ఎన్ని యున్నవో లెక్కలేదు. కల్యాణములోని శరణులందరును మా పట్టికలలో మరల పుట్టిరి. ఆ కాలమున అదే కల్యాణములో సింహాసనముపై కూర్చున్న రాజు మాత్రము పుట్టలేదు. నా ఉద్యోగ కాలమంతటిలో బిజ్జలుడను పేరు గలవాడు నాకు ఒక్కడే తగిలెను.

ఆ సంగతి జరిగి సుమారు ముప్పదియైదు సంవత్సరములైనది. ఇరువదేండ్ల యువకుడొకడు పేరు మార్చుకొనుటకు ప్రమాణపత్రము వ్రాసి యిమ్మని నా వద్దకు వచ్చెను. ఇంట తెలుగు మాటలాడువాడు. ఎందుకు మార్చుకొందువని అడిగితిని.

“సారూ, ఇది మా తాత పేరు. ఇంట్ల ఎవరికి తప్పనిపించలే. ఇప్పుడు పిల్లనిచ్చెటోళ్లు వద్దంటున్రు. బసవన్నను బాధపెట్టినోని పేరుగలోనికి మా పిల్లనియ్యమంటున్రు. బడిలనైతే బెజ్జం బెజ్జం అని ఎక్కిరించిన్రు” అని అతడు చెప్పెను.

పెండ్లి సంబంధము తప్పిపోవునని చెప్పుట కాగితముపై బాగుండదని నాకు తోచినది. అందుచేత కారణము అను చోట “ఈ పేరునకు చెడ్డ అర్థము ఉన్నందున” అని వ్రాసితిని. దానికి తోడు తెలుగులో రంధ్రము అను అర్థము వచ్చునని కూడ చేర్చితిని. అతడు సంతకము చేసెను. బసవరాజు అయ్యెను. పెండ్లియు జరిగెను. ఆనాడు నేను మంచి పని చేసితిననియే అనుకొంటిని. పదవీ విరమణానంతరము గ్రంథాలయమున కూర్చుండి చదువుకొను తీరిక చిక్కిన పిదప నేను వ్రాసిన కారణము అబద్ధమని తెలిసికొంటిని.

పేరు పుట్టుక

బిజ్జలుడను పేరు శాసనములలో ఒక్క రూపముననే కనిపించదు. బిజ్జల, బిజ్జణ, విజ్జల, విజ్జణ అని పలు విధములుగా నుండును. సంస్కృతములో వ్రాయునపుడు వకారముతోను, కన్నడములో వ్రాయునపుడు బకారముతోను వ్రాయుట సాధారణము. వకారము కన్నడమున బకారమగుట మనమెరిగినదే. వసతి అను మాట బసది అయినది. వృషభ శబ్దము బసవ అయినది. ఆ మార్గముననే విజ్జల శబ్దము బిజ్జల అయినదని గ్రహించుట సులభము.

ఇక విజ్జ అననేమి? ప్రాకృతమున విద్య అను మాట విజ్జా అగును. ‘ద్య’ అను జంట హల్లు ‘జ్జ’ అగుట ఆ భాషా నియమము. ఇది మనకు కొత్త గాదు. వైద్యుడు మన తెలుగున వెజ్జు అయినాడు. ఉపాధ్యాయుడు ఒజ్జ అయినాడు. సంధ్య సంజ అయినది. పాత కన్నడమున విద్యను బిజ్జె యనుట ఉన్నది. కావున బిజ్జలుడనగా విద్య గలవాడు అను అర్థము చక్కగా పొసగును. ప్రాకృతమున విజ్జు అనగా మెరుపు. దానినిబట్టి చూచినచో మెరుపు వంటివాడు అనియు చెప్పవచ్చును. ఈ రెండింటిలో ఏది పట్టుకొనినను చెడ్డ అర్థము కాదు సరిగదా, బిడ్డకు పెట్టదగిన మంచి అర్థమే.

చివరనున్న లకారమును గూర్చి యొకమాట. ఆ కాలపు కన్నడ దేశమున ఇట్టి పేరులు చాలనున్నవి. హోయసల విష్ణువర్ధనుని రాణి శాంతల. హోయసల రాజులలో బల్లాళులు ప్రసిద్ధులు. రాణులలో బాచలదేవి అను పేరు కనిపించును. శాంత అను మాటపై లకారము చేరి శాంతల అయినట్లే బిజ్జపై లకారము చేరి బిజ్జల అయినది. ముద్దుగా పిలుచుకొను పేరుల తీరు ఇది.

బెజ్జము అను తెలుగు మాటకును ఈ పేరునకును ఏ సంబంధమును లేదు. సూదికి నుండు రంధ్రము బెజ్జము. అది వేరొక మాట. ధ్వని కలిసినంత మాత్రమున అర్థము కలియదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణములోనే శివునకు తల్లి లేదే అని జాలిపడి తానే తల్లియైన బెజ్జ మహాదేవి కథ మన పిల్లలు పాఠముగా చదివియున్నారు. ఆ పుణ్యవతి పేరు విని ఎవ్వరును నవ్వలేదు. బిజ్జలుని పేరు విని నవ్విరనిన, ఆ నవ్వునకు కారణము అక్షరములలో లేదు, కథలో నున్నది.

వంశము, రాజ్యము

బిజ్జలుడు కలచురి వంశమువాడు. ఆ వంశపు రాజులు తమ పూర్వులు ఉత్తరమునందలి కాలంజరము నేలినవారని చెప్పుకొనిరి. దక్షిణమున వారి స్థానము మంగళవాడ. అది నేడు మహారాష్ట్రములో సోలాపురము జిల్లాయందలి మంగళవేఢె. కల్యాణ చాళుక్యులకు వారు సామంతులు. మన కథానాయకుని తండ్రి పెర్మాడి, తాత జోగముడు. ఆ వంశములో ఇతనికి పూర్వము మరియొక బిజ్జలుడు ఉండెను. అందువలననే చరిత్రకారులు ఇతనిని రెండవ బిజ్జలుడందురు. అనగా ఈ పేరు ఆ ఇంట పెద్దల పేరు. నా వద్దకు వచ్చిన యువకునకు తాత పేరు పెట్టినట్లే కల్యాణ రాజునకును పూర్వుని పేరే పెట్టియుండిరి.

చాళుక్యులలో ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు మహావైభవముతో రాజ్యము చేసెను. ఆయన తరువాత ఆ బలము క్రమముగా సన్నగిల్లెను. మూడవ తైలపుని కాలము వచ్చునప్పటికి సామంతులందరును తల లెత్తిరి. మన ఓరుగంటి వైపున కాకతీయ రెండవ ప్రోలరాజు తైలపుని పట్టి విడిచిపుచ్చెను. ప్రోలుని కుమారుడైన రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభముల గుడిలో 1163లో వేయించిన శాసనమున, తైలపుడు తనకు భయపడి మరణించెనని చెప్పించెను. ఇటు తూర్పున కాకతీయులు చేసిన పనినే అటు పడమర బిజ్జలుడును చేసెను. కర్హాడ నాలుగువేల నాడును, తర్దవాడి వేయి నాడును ఏలుచుండిన మహామండలేశ్వరుడు 1157 నాటికే చక్రవర్తి బిరుదము ధరించెను. 1162లో చాళుక్య సింహాసనమును తనదిగా చేసికొనెను. ప్రభువును త్రోసి రాజైనాడని బిజ్జలుని నిందించువారు, ఆ తైలపుని విషయమున మన కాకతీయులు చేసినదానిని పరాక్రమమని పొగడుదురు. చరిత్రలో ఒకే పనికి ఇట్లు రెండు పేరులు ఉండుట వింత గాదు.

ఇతని బిరుదములు చూడదగినవి. నిశ్శంకమల్లుడు, గిరిదుర్గమల్లుడు, శనివారసిద్ధి అనునవి అందు కొన్ని. శనివారము ఏ పనికిని మంచిది కాదని లోకము భయపడును. ఆ దినమున పని పెట్టుకొనినను సాధించువాడని ఆ బిరుదమునకు భావము. శంక లేనివాడు, వారము చూడనివాడు, మెరుపు వలె వచ్చి రాజ్యము పట్టినవాడు అని ఆయన స్వభావము ఆ బిరుదములనుండి కొంత తెలియును.

ఇందు ఒక చిత్రమైన సంగతి కలదు. కలచురుల జెండాపై బంగారు వృషభము గుర్తు. బసవ శబ్దమునకు అర్థము వృషభమే. రాజు జెండాపై ఎద్దు, ఆయన భండారి పేరు ఎద్దు. ఇరువురకు ఇష్టదైవము గుర్తు ఒకటియే. అయినను లోకము ఒకనిని పల్లకి నెక్కించినది, మరియొకనిని గుమ్మము బయట నిలిపినది.

బల్లిగావె శాసనము

బిజ్జలుడు జైనుడనియు, శివభక్తుల యెడ ద్వేషము గలవాడనియు వాడుక. శాసనములు అట్లు చెప్పుటలేదు. ఆయన కాలపు దానములలో శివాలయములకు ఇచ్చినవి కనిపించుచున్నవి. అందు 1162 నాటి బల్లిగావె శాసనము ప్రసిద్ధమైనది. బల్లిగావె నేడు శివమొగ్గ జిల్లా షికారిపురము తాలూకాలో నున్నది. అక్కడి కేదారేశ్వరాలయమునకు సంబంధించిన కోడియ మఠమునకు వామశక్తి యను శైవాచార్యులు అధిపతిగా నుండిరి. దక్షిణ దిగ్విజయమునకు బయలుదేరిన బిజ్జలుడు ఆ ఊరిలో విడిది చేసినపుడు తన అధికారులు మనవి చేయగా కేదారేశ్వరునకు దానమిచ్చెను.

ఆ శాసనమున మఠమును వర్ణించిన తీరు చదువరులకు ఆనందము కలిగించును. అక్కడ నాలుగు వేదములు అంగములతో చదివెడివారు. కౌమారము, పాణినీయము, శాకటాయనము మున్నగు వ్యాకరణములు చెప్పెడివారు. ఆరు దర్శనములు, యోగశాస్త్రము, పదునెనిమిది పురాణములు, కావ్యనాటకములు బోధించెడివారు. బీదలకు, కుంటివారికి, గ్రుడ్డివారికి, చెవిటివారికి అన్నము పెట్టెడివారు. రోగులకు మందు లిచ్చెడివారు. ఒక్క మాటలో చెప్పవలెనన్న అది ఒజ్జలును వెజ్జులును కలిసియున్న స్థలము. విద్య అను అర్థము గల పేరుగల రాజు ఆ చోటికి దానమిచ్చెను. పేరునకు తగిన పని అని అనవలసివచ్చినచో బిజ్జలుని జీవితమున ఇంతకంటె తగినది నాకు కనబడలేదు.

అట్లని ఆయన దోషరహితుడని నేను చెప్పుటలేదు. రాజ్యము లాగికొనినవానికి రక్తము అంటకుండ ఉండదు. ఆయన కొలువులోనే బసవేశ్వరునికి పెద్ద ఉద్యోగము దొరకెననుట కూడ మరువరాదు. బసవన్న మొదట కరణికుడుగా, అనగా లెక్కలు వ్రాయు గుమాస్తాగా చేరెనని కొన్ని కథలు చెప్పును. గుమాస్తాగా బ్రతికిన నాకు ఆ మాట వినిన ఎల్లపుడును సంతోషము. ఆ గుమాస్తాను భండారమునకు అధిపతిగా చేసినది బిజ్జలుడే. కులభేదము లెక్కింపని శరణుల గుంపు రాజధానియందే పెరుగుటకు కొంతకాలము చోటు దొరకినది ఆయన పాలనలోనే.

అపఖ్యాతి వచ్చిన విధము

తరువాతి కథ అందరకు తెలిసినదే. చర్మకారుడైన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకును పెండ్లి జరిగెననియు, అందుకు రాజు ఆ ఇరువురు తండ్రులను క్రూరముగా దండించెననియు మా ప్రాంతమున ప్రతి పిల్లవాడును చెప్పును. మన సోమనాథుని ద్విపద బసవపురాణమున అల్లయ్య, మధువయ్య అను భక్తుల కన్నులు తీయించిన రాజుగా బిజ్జలుడు కనిపించును. బసవన్న కల్యాణమును విడిచి కూడలి సంగమమునకు పోవును. జగదేవుడు మొదలగు భక్తులు రాజును వధింతురు. 1369లో భీమకవి ఆ తెలుగు గ్రంథమును అనుసరించి కన్నడమున బసవపురాణము రచించెను. ఇట్లు మన భాషలో చెప్పిన కథ కన్నడమునకు పోయి, మఠములలో పురాణముగా చదువబడి, జాతరలలో ఆటగా ఆడబడి, మరల మా ఇండ్లకు వచ్చినది. ఎనిమిది వందల యేండ్లుగా ఆ పేరు వినినపుడు జనులకు విద్యయు మెరుపును జ్ఞప్తికి రావు. కన్నులు పోయిన భక్తులు జ్ఞప్తికి వత్తురు.

దీనికి ఎదురు కథయు ఉన్నది. జైనుల పక్షమున కన్నడములో బిజ్జలరాయ చరితె అను గ్రంథము వెలసినది. అందు రాజు మంచివాడు, బసవన్న చెడ్డవాడు. రాజు విషముచేత చనిపోయెనని అందు చెప్పిరి. ఒక గ్రంథము కత్తి యన్నది, మరియొకటి విషమన్నది. శాసనములు పరిశీలించినవారు 1167 ప్రాంతమున బిజ్జలుడు కుమారుడైన సోవిదేవునకు రాజ్యము అప్పగించెనని చెప్పుదురు. ఈ మూడును మూడు విధములు. బసవేశ్వరుని పేరు స్పష్టముగా కనిపించు ప్రసిద్ధమైన అర్జునవాడ శాసనము 1260 నాటిది. అనగా ఆ గొడవ జరిగిన తొంబది యేండ్లకు తరువాతిది. భక్తులు వ్రాసినది భక్తి కొరకు వ్రాసినది. దానిని భక్తితో చదువుట మంచిది. దానినే తీర్పు కాగితముగా చదువుట మాత్రము ఉచితము కాదు.

ఒక మనిషి చేసిన పనివలన పేరునకే మచ్చ వచ్చుట ఇతర దేశములయందును కలదు. ఏసుక్రీస్తు పన్నిద్దరు శిష్యులలో యూదా అను పేరు గలవారు ఇద్దరు ఉండిరని లూకా సువార్త చెప్పును. ఒకడు గురువును ముప్పది వెండి నాణెములకు అప్పగించినవాడు. రెండవవాడు నమ్మకముగా నిలిచినవాడు. తరువాతి వారు ఆ నమ్మకస్థుని కొరకు జూడ్ అని పేరును కుదించి వేరు చేయవలసివచ్చినది. నిరపరాధి పేరు దిద్దుకొనవలసివచ్చినది. మా యువకుని సంగతియు అంతే గదా!

అయినను బిజ్జల నామము పూర్తిగా నశించినదని చెప్పరాదు. పాలమూరు ప్రాంతమున అనర్ఘరాఘవమును తెనిగించిన తిమ్మభూపాలుని ఇంటిపేరు బిజ్జల, లేక బిజ్జుల. మనిషి పేరుగా నిలువలేనిది ఇంటిపేరుగా తలదాచుకొనినదని తలచవచ్చును. ఇంటిపేరును ఎవ్వరును అర్థము అడుగరు, గుణమును వెదకరు. “ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు” అని సామెత చెప్పుకొని నవ్వి ఊరకుందురు.

ఇటీవల ఈ పేరు మరల అందరి నోళ్లలో నానినది. 2015లో వెలువడిన బాహుబలి యను తెలుగు చలనచిత్రమున కుట్రలు పన్ను తండ్రి పాత్రకు బిజ్జలదేవుడనియు, దుష్టుడైన కుమారునకు భల్లాలదేవుడనియు పేరులు పెట్టిరి. అది కల్పిత కథ. అందు చరిత్ర లేదు. అయినను ఈ రెండు పేరులును దక్షిణ దేశమున రాజులు గౌరవముతో ధరించిన పేరులకు దగ్గరివి. 1173 నుండి 1220 వరకు ఏలిన వీరబల్లాళుడు హోయసలులలో గొప్పవాడు. కథ వ్రాయువారికి పేరు లెన్నుకొను స్వాతంత్ర్యము కలదు. కాని అది చూచిన పిల్లవానికి ఆ పేరు మొదటిసారిగా చెవిన పడుట అట్లే గనుక, అది అట్లే నిలిచిపోవును. దీనికి భిన్నముగా గిరీష్ కర్నాడు 1990లో రచించిన తలెదండ అను కన్నడ నాటకమున బిజ్జలుడు కోపము, స్నేహము, దుఃఖము గల మనిషిగా కనిపించును. ఆ నాటకము చదివిన పిదప నాకు కల్యాణ రాజు పురాణ పాత్రగా గాక, నిర్ణయము చేయవలసి వచ్చి తడబడిన అధికారిగా తోచెను.

ముగింపు

కొంతకాలము క్రిందట బసవకల్యాణములో ఆ యువకుడు నాకు మరల కనబడెను. ఇప్పుడు యువకుడు కాడు. తల నెరసినది. మనుమలు ఉన్నారు. నన్ను గుర్తుపట్టి పలుకరించెను. పేరును గూర్చి నేను చదివిన సంగతులు, విద్య అను అర్థము, బల్లిగావె మఠము, అన్నియు అతనికి చెప్పితిని. అతడు చాలసేపు ఊరకుండెను. పిదప ఇట్లనెను.

“కాయితంల మారింది సారూ. మా అమ్మ మాత్రం పోయేదాక బిజ్జన్నా అనే పిలిచింది. ఆమెకు ఆ కథ తెల్వదని కాదు. బసవ పురాణం ఆమెనే మాకు చెప్పేది. అది రాజు కథ, నువ్వు నా కొడుకువి అనేది.”

చదువురాని ఆ తల్లికి తెలిసినది నాకు తెలియలేదు. ఆమె పురాణమును నమ్మినది, బసవన్నకు మ్రొక్కినది, తన బిడ్డను మామగారి పేరుతో పిలిచినది. ఈ మూడింటికిని ఆమెకు ఏ విరోధమును కనిపించలేదు. నేను మాత్రము కలము చేతబట్టి ఒక తప్పు కారణమును ప్రమాణముగా వ్రాసితిని. బిజ్జలుడని బిడ్డకు పేరు పెట్టుడని నేను ఎవ్వరికిని చెప్పను. పేరు పెట్టుట తల్లిదండ్రుల ఇష్టము. ఇట్టి పేరు మోయుచున్న వానిని చూచి నవ్వరాదని మాత్రము చెప్పుదును.

మా దస్త్రములలో తప్పు పడినపుడు దానిని చెరిపివేయుట నిషిద్ధము. తప్పుపై ఒక గీత గీసి, పైన సరియైన మాట వ్రాసి, ప్రక్కన సంతకము చేయవలెను. పాత మాటయు క్రొత్త మాటయు రెండును చదువరికి కనబడవలెను. ముప్పదియైదేండ్ల నాటి ఆ కాగితము ఇప్పుడు నా చేతికి అందదు. అందుచేత ఈ సంచికలో దిద్దుచున్నాను. “ఈ పేరునకు చెడ్డ అర్థము ఉన్నందున” అని నేను వ్రాసిన వాక్యమును కొట్టివేసి, “ఈ పేరునకు విద్య గలవాడని అర్థము. లోకమున దీనికి వచ్చిన అపఖ్యాతి వలన మార్చుకొనుచున్నాడు” అని చదువుకొనవలసినదిగా ప్రార్థన.